పని పరిచయాలకు ఏది, అమ్మకాలకు ఏది: బెంగళూరు తెలుగువారికి సామాజిక మాధ్యమాల ఎంపిక

లింక్డ్‌ఇన్‌లో ఉండాలా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండాలా అని అడిగేవారిని నేను ముందుగా తిరిగి అడిగేది ఒక్కటే: మీ చేతిలో డబ్బు పెట్టేది ఎవరు? వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తూ వేరే కంపెనీకి మారాలనుకునే ఇంజినీరుకు ఆ మనిషి ఒక హైరింగ్ మేనేజర్. పీణ్యా పారిశ్రామికవాడలో, కంప్యూటరుతో నడిచే నాలుగు సీఎన్‌సీ మిషన్లు పెట్టుకుని ఇతర కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే యజమానికి ఏదో పెద్ద కర్మాగారంలోని పర్చేజ్ విభాగం. మారతహళ్లిలో పీజీ (అద్దెకు మంచం, భోజనం ఇచ్చే వసతి) నడిపే నెల్లూరాయనకు, తెల్లవారుజామున బస్సు దిగి సాయంత్రంలోగా మంచం వెతుక్కోవలసిన కుర్రాడు. సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంటులో కందిపొడి, గోంగూర పచ్చడి చేసి అమ్మే గృహిణికి, ఆ గేటు లోపల ఉన్న నాలుగైదు వందల కుటుంబాలు. ఈ నలుగురూ ఒకే చోట ఖాతా తెరిచి, ఒకే రకంగా రోజుకొక పోస్టు పెట్టడం వల్ల ముగ్గురి శ్రమ వృథా అవుతుంది.

ఏ మాధ్యమానికి ఎన్ని కోట్ల మంది ఉన్నారన్న లెక్క ఎంపికకు పనికిరాదు. పచ్చడి అమ్మే ఆవిడకు కోటి మంది అక్కర్లేదు, నెలకు నలభై సీసాలు తీసుకునే ఇళ్లు చాలు. చూడవలసినవి వేరే ఉన్నాయి. కొనేవాడు అక్కడ ఏ మనసుతో ఉంటాడు, వెతుకుతూ వస్తాడా లేక కాలక్షేపానికి వస్తాడా, అతను నిర్ణయానికి రావడానికి ఎంత కాలం పడుతుంది, మనం పెట్టినది ఎన్నాళ్లు కనిపిస్తుంది, ఆ మాధ్యమం రేపు మూతపడితే మన చేతిలో ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నలతో తూచి చూస్తే, ఈ వేదికలన్నీ ఒకదానికొకటి పోటీ కావని, ఒక్కొక్కటి ఒక్కో పనికి పుట్టిందని తెలుస్తుంది.

ఉద్యోగం, వృత్తి పరిచయాలు

ఉద్యోగి విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు, లింక్డ్‌ఇన్‌తోనే మొదలుపెట్టాలి. 2003లో మొదలై, 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొన్న ఈ వేదికలో మనిషి పేరు పక్కనే అతని పని, సంస్థ కనిపించడం వల్ల, అపరిచితుడిని పలకరించడానికి వేరే సాకు అవసరం ఉండదు. నౌకరీ వంటి ఉద్యోగ సైట్లతో దీన్ని పోల్చేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ మీ రెజ్యూమేను రిక్రూటర్ వెతుక్కుంటాడు. ఇక్కడ మీరు మనుషులను వెతుక్కుంటారు. తాజాగా చదువు ముగించినవారికి, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవారికి రెండూ అవసరమే. పదేళ్లు దాటినవారికి మాత్రం వచ్చే మంచి అవకాశాల్లో చాలావరకు ఎవరో ఒకరు పేరు చెప్పడం వల్ల వచ్చేవే కాబట్టి, మనుషులున్న చోటే ఎక్కువ సమయం పెట్టడం న్యాయం.

వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. అయితే ఆ మనవాడు ఎంత దగ్గరివాడై ఉండాలన్నదే అసలు సంగతి. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త, కొత్త ఉద్యోగ సమాచారం ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవారి ద్వారానే ఎక్కువగా వస్తుందని వాదించాడు. మన స్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి కనుక ఆ మాటలో తర్కం ఉంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ వినియోగదారుల సమాచారంతో దీన్ని పరీక్షించి, మరీ దగ్గరివారూ కాకుండా మరీ దూరమూ కాకుండా మధ్యస్థంగా ఉన్న పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడుతున్నాయని తేల్చింది. బెంగళూరు తెలుగువారి భాషలో చెప్పాలంటే, రూమ్మేటు కంటే పాత ఆఫీసులో పక్క టీములో పనిచేసిన మనిషి, సొంత బాబాయి కంటే కాలేజీలో రెండేళ్ల సీనియర్ అక్కరకు వస్తారన్న మాట. మన ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపు ఎంత ఆత్మీయంగా ఉన్నా, అందులో అందరికీ అదే పది కంపెనీల కబుర్లు తిరుగుతుంటాయి.

ఆ సీనియర్‌ను ఎలా పలకరించాలన్నదానిపై కొంత ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎంపిక సరిగ్గా చేసుకున్నవారు కూడా ఇక్కడే జారిపడుతుంటారు. “హాయ్ అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి” అన్న సందేశం వచ్చినప్పుడు, అవతలి మనిషి వెతకాలి, మీకు సరిపోయేది ఏదో ఊహించాలి, రెజ్యూమే అడగాలి. అంత పని ఎవరూ పెట్టుకోరు. దాని బదులు, ఆ కంపెనీ సైటులో ఉన్న ఖాళీని మీరే చూసి, దాని జాబ్ ఐడీ, ఆ పనికి మీ అనుభవం ఎలా సరిపోతుందో రెండు వాక్యాలు, రెజ్యూమే కలిపి పంపితే, రెఫర్ చేయడం, అంటే తన కంపెనీకి మీ పేరు సిఫారసు చేయడం, అతనికి రెండు నిమిషాల పని అవుతుంది. చాలా కంపెనీలు రెఫరల్ ద్వారా చేరిన మనిషికి గాను ఉద్యోగికి బోనస్ ఇస్తాయి కాబట్టి, మీరు అడగడం అతనికి భారమే కానక్కర్లేదు. కనెక్షన్ కోరుతూ పంపే చిన్న నోటు ఉచిత ఖాతాదారులకు నెలకు కొన్నింటికే అనుమతి ఉంటుంది కనుక, దాన్ని నిజంగా కలవాలనుకున్నవారికే దాచుకోవడం మంచిది.

ఉద్యోగంలో ఉంటూనే వెతుకుతున్నవారు, కొత్త ఉద్యోగం కోసం చూస్తున్నట్టు తెలిపే లింక్డ్‌ఇన్ “ఓపెన్ టు వర్క్” అమరికను ఆచితూచి వాడాలి. ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ పెడితే అందరికీ కనిపిస్తుంది, మీ మేనేజరుతో సహా. రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు గానీ, మీ సొంత సంస్థ రిక్రూటర్లకు అది చేరకుండా చూస్తామంటూనే పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ సంస్థే చెబుతోంది. నోటీసు పీరియడ్‌లో ఉన్నవారికి, ఉద్యోగం పోయినవారికి ఆ పట్టీ సిగ్గుపడవలసిన విషయం కాదు. మిగిలినవారు పేరు కింద ఉండే 220 అక్షరాల శీర్షికలో తమ పనిని స్పష్టంగా రాసుకుంటే, రిక్రూటర్ వెతికినప్పుడు పట్టీ లేకుండానే కనిపిస్తారు. రోజూ పోస్టు రాయాలన్న ఒత్తిడి అనవసరమని నా అభిప్రాయం. మీ రంగంలో పేరున్న పదిమంది రాసినదాని కింద వారానికి రెండు మూడు సార్లు, చదివి ఆలోచించినట్టు తెలిసే వ్యాఖ్య రాయడం అంతకంటే ఎక్కువ పరిచయాలు తెస్తుంది. సోమవారం పొద్దున కన్నీటి కథ రాసి చివర నాయకత్వ పాఠం చెప్పేవారి వరుసలో మనమూ నిలబడనక్కర్లేదు.

2023 జూలైలో ట్విటర్ అన్న పేరు వదులుకున్న ఎక్స్, స్టార్టప్ స్థాపకులతో, పెట్టుబడిదారులతో, ఓపెన్ సోర్స్ పనిచేసేవారితో మాట కలపాలనుకునేవారికి లింక్డ్‌ఇన్ కంటే చురుకైనది. అక్కడ హోదా అడ్డురాదు. అయితే అక్కడే రాజకీయం, ట్రాఫిక్ మీద కోపం, భాషా వివాదం కూడా ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు జామ్‌లో కూర్చుని విసుగులో రాసిన ఒక్క వాక్యం, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మంచిపేరును తినేసిన సందర్భాలున్నాయి. రాసే క్రమశిక్షణ ఉన్నవారికే దాన్ని సిఫారసు చేస్తాను.

ఇంకొక హెచ్చరిక. టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఉద్యోగం పేరుతో వచ్చి ముందుగా రిజిస్ట్రేషన్ డబ్బు అడిగేవారు, వీడియోలకు లైక్ కొడితే జీతమిస్తామనేవారు మోసగాళ్లే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

చిన్న వ్యాపారం

వ్యాపారానికి వచ్చేసరికి ఎంపిక కష్టమవుతుంది, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. కొత్తవారి కంట పడటం ఒకటి, ఒకసారి కొన్నవారు మళ్లీ కొనేలా చూడటం రెండవది. ఇన్‌స్టాగ్రామ్ మొదటిదానికి మంచిది, వాట్సాప్ రెండవదానికి. ఈ తేడా తెలియక, వాట్సాప్‌లో ముక్కూ మొహం తెలియని వారికి సందేశాలు పంపి చీవాట్లు తినేవారు ఒకవైపు, ఇన్‌స్టాగ్రామ్‌లో పదివేల మంది ఫాలోవర్లు ఉండి నెలకు పది ఆర్డర్లు కూడా రాక దిగాలు పడేవారు మరోవైపు కనిపిస్తుంటారు.

ఇంట్లో వంట చేసి అమ్మేవారికి, చీరలు తెచ్చి అమ్మేవారికి, ట్యూషన్ చెప్పేవారికి నా మొదటి సలహా 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్. ఇది ఉచితం. వస్తువుల ఫొటోలు, ధరలతో కేటలాగ్ పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు సిద్ధ సమాధానాలు దాచుకోవచ్చు, “డబ్బు రావలసినవారు”, “మళ్లీ అడిగినవారు” అని లేబుళ్లు అంటించుకోవచ్చు. ఇంటి నంబరుతో కాకుండా దీనికోసం ఒక కొత్త సిమ్ తీసుకోవడం అవసరమని గట్టిగా చెబుతాను. లేకపోతే రాత్రి పదకొండింటికి “ఆంటీ, ఇడ్లీ కారం ఉందా” అన్న ప్రశ్న మీ మేనమామ పెట్టిన శుభోదయం పక్కనే వచ్చి పడుతుంది. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానిలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. చాలామంది దీన్ని లోపమనుకుంటారు, నేను మేలనుకుంటాను: మొదటి సీసా ఇచ్చేటప్పుడే “మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, వారం వారం ఏం చేస్తున్నామో పంపుతాం” అని అడగవలసి రావడం వల్ల, ఆ జాబితాలో ఉన్నవారంతా నిజంగా వినాలనుకున్నవారే అవుతారు. గ్రూపు పెడితే ఒకరి ఫిర్యాదు అందరికీ కనిపిస్తుంది, ఒకరి నంబరు మరొకరికి తెలుస్తుంది. కొనుగోలుదారులకు గ్రూపు కంటే బ్రాడ్‌కాస్టే మర్యాద. అపార్ట్‌మెంటు గ్రూపులో అమ్మాలనుకుంటే అసోసియేషన్ నియమం ముందుగా అడిగి తెలుసుకోవాలి. చాలా చోట్ల అమ్మకాలకు విడిగా ఒక గ్రూపు ఉంటుంది, లేదా వారంలో ఒక రోజు కేటాయిస్తారు.

ఇన్‌స్టాగ్రామ్ చూపుతో కొనే సరుకుకు సరిపోతుంది. మగ్గం పని బ్లౌజు, కేకు, పెళ్లికూతురి అలంకరణ, మెహందీ, మిద్దెతోట మొక్కలు వంటివి చూడగానే కావాలనిపిస్తాయి. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ అనే చిన్న వీడియోలను ప్రవేశపెట్టింది. అప్పటినుంచి మనల్ని అనుసరించని వారికి కూడా మన వీడియో చేరే దారి తెరుచుకుంది. చిక్కు ఏమిటంటే, ఆ చేరిక మీ డెలివరీ పరిధిని చూసుకోదు. యలహంకలో కేకులు చేసే అమ్మాయి రీలు విజయవాడలో లక్షమంది చూస్తే ఆమెకు ఒరిగేది లేదు. అందువల్ల ప్రొఫైల్ పరిచయంలోనే ప్రాంతం పేరు, ఎంత దూరం పంపుతారో రాయాలి; వ్యాఖ్యలో ధర అడిగినవారికి “డీఎం చేయండి” (విడిగా సందేశం పంపండి) అనకుండా ధరను అక్కడే చెప్పాలి. ధర దాచేవారిని చూస్తే నేను మాత్రం కొనకుండా ముందుకు జరిగిపోతాను.

ఫేస్‌బుక్ పాతబడిందన్న మాట సగమే నిజం. పాతికేళ్లవారు అక్కడ తక్కువ గానీ, నలభై దాటిన తెలుగు కుటుంబాలు, బెంగళూరు తెలుగువారి ప్రాంతీయ గ్రూపులు, అద్దె ఇళ్ల ప్రకటనలు అక్కడ ఇంకా బతికే ఉన్నాయి. పురోహితులు, సంగీతం నేర్పేవారు, సంబంధాలు చూసేవారు, క్యాటరింగ్ చేసేవారు దాన్ని వదులుకోకూడదు.

పీజీ, టిఫిన్ సెంటర్, క్లినిక్, టైలర్ వంటి, మనిషి నడిచి రావలసిన వ్యాపారాలకు వీటన్నిటికంటే ముందు, గూగుల్ మ్యాపులో కనిపించేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చేయాలి. ఇది సామాజిక మాధ్యమం కాదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ మడివాళలో బస్సు దిగినవాడు “ఆంధ్రా ఫుడ్ పీజీ” అని మ్యాపులో వెతుకుతాడే తప్ప రీల్స్ చూస్తూ కూర్చోడు. ఖాతా ఉచితం, చిరునామా ధ్రువీకరణ ఒక్కటే శ్రమ. నిజమైన గదుల ఫొటోలు, భోజనం వేళలు, అడ్వాన్సు ఎంతో, వెళ్లేటప్పుడు అందులో ఎంత మినహాయిస్తారో రాసిపెట్టి, తిట్టిన రివ్యూలకు కూడా నిదానంగా జవాబిస్తే చాలు. డబ్బిచ్చి రాయించుకున్న పొగడ్తలను గూగుల్ తొలగిస్తుంది, చదివేవాడు అంతకంటే ముందే పసిగడతాడు.

పీణ్యా, బొమ్మసంద్ర వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో విడిభాగాలు చేసేవారికి కొనుగోలు నిర్ణయం నెలల మీద జరుగుతుంది. నమూనా, తనిఖీ, ఆడిట్ దాటాక గానీ ఆర్డరు రాదు. వీరికి ఇన్‌స్టాగ్రామ్‌లో పని తక్కువ. కొనే సంస్థలను అమ్మేవారితో కలిపే ఇండియామార్ట్ సైటు ఎంక్వైరీలు తెస్తుంది గానీ, అదే ఎంక్వైరీ ఇంకొందరికీ చేరుతుంది కాబట్టి ధర దగ్గర పోరు తప్పదు. లింక్డ్‌ఇన్‌లో సోర్సింగ్ ఇంజినీర్లను, క్వాలిటీ మేనేజర్లను పేరుపేరునా పరిచయం చేసుకుని, యూట్యూబ్‌లో మీ మిషన్ల సామర్థ్యం, కొలతల తనిఖీ ఎలా చేస్తారో చూపే నాలుగైదు నిమిషాల వీడియోలు రెండు మూడు ఉంచితే, పరిచయమైనవారికి లింకు పంపడానికి పనికొస్తాయి. వెతికితే దొరికే స్వభావం ఉన్నందువల్ల యూట్యూబ్ వీడియో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: కస్టమర్ ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం చేసిన భాగాన్ని వారి రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్కడా చూపకూడదు. ఒప్పందంలో గోప్యత షరతు ఉంటే, ఒక్క ఫొటోతో పదేళ్ల కస్టమర్ పోవచ్చు.

డబ్బిచ్చి ప్రకటన వేయడం, చట్టం, భాష

డబ్బిచ్చి పోస్టును ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కడం సులువు కాబట్టే ఎక్కువమంది డబ్బు అక్కడ పోతుంది. నేనూ పోగొట్టుకున్నాను. హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దగ్గర టిఫిన్ డబ్బాలు పంపే మిత్రుడి కోసం ప్రకటన వేస్తూ, ప్రాంతం అన్న చోట బెంగళూరు అని మాత్రమే పెట్టాను. ఫోన్లు బాగానే వచ్చాయి, సగం హెబ్బాళ నుంచి, కెంగేరి నుంచి. అక్కడికి డబ్బా చేరేసరికి ఇడ్లీ రాయి అవుతుంది. మ్యాపులో పిన్ను గుచ్చి చుట్టూ కొద్ది కిలోమీటర్లకే పరిమితం చేసే వీలు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు వేసే మెటా యాడ్స్ మేనేజర్‌లో ఉంది, దాన్ని నేర్చుకోవడానికి ఒక ఆదివారం కేటాయించినా నష్టం లేదు. బడ్జెట్ వేసుకునేటప్పుడు 18 శాతం జీఎస్టీ అదనమని గుర్తుంచుకోవాలి. లింక్డ్‌ఇన్ ప్రకటనల్లో ఒక్కో క్లిక్కు ధర వీటికంటే ఎక్కువగా పడుతుంది కనుక, ఒక్క కస్టమర్ వస్తే లక్షలు మిగిలే వ్యాపారాలకే అవి నప్పుతాయి.

కొన్ని వృత్తులకు ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా లేదు. భారత బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం న్యాయవాదులు ప్రకటనల ద్వారా కేసులు కోరకూడదు; చార్టర్డ్ అకౌంటెంట్లకు, వైద్యులకు కూడా వారి వారి మండలుల కట్టడులున్నాయి. వీరు తమ విషయాన్ని వివరించే వ్యాసాలు రాయడం, వృత్తి మిత్రులతో పరిచయాలు పెంచుకోవడం వరకే ఆగాలి. తినే వస్తువులు అమ్మేవారు ఇంటి నుంచి అమ్మినా సరే ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ 14 అంకెల నంబరును సీసా మీద ముద్రించుకోవాలి. చీర ఉచితంగా ఇచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్ చేత వీడియో చేయిస్తే, అది ప్రకటన అని ఆ వీడియోలోనే తెలిసేలా చెప్పించాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

భాష సంగతి బెంగళూరులో ప్రత్యేకంగా ఆలోచించాలి. తెలుగులో రాస్తే చేరేవారు తగ్గుతారు, కానీ చేరినవారు వెంటనే దగ్గరవుతారు. పచ్చళ్లకు, పౌరోహిత్యానికి, తెలుగు పిల్లల తరగతులకు అదే సరైనది. టైలరింగ్, క్లినిక్, టిఫిన్ సెంటర్ వంటివాటికి కన్నడం లేకుండా తెలుగు ఒక్కటే పెట్టడం మర్యాదా కాదు, లాభమూ కాదు. దుకాణం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలని కర్ణాటక చట్టం చెబుతోంది. ఆన్‌లైన్‌లో అలాంటి లెక్క లేకపోయినా, పక్కవీధి వారితో వారి భాషలో రెండు మాటలు రాయడం ఇరుగుపొరుగు ధర్మం. లింక్డ్‌ఇన్‌లో మాత్రం ఇంగ్లీషే నడుస్తుంది.

ఎన్ని చోట్ల, ఎంత కాలం

ప్రధానంగా ఒకటి, తోడుగా ఒకటి. అంతకు మించితే ఒంటరిగా వ్యాపారం చేసేవారికి చేతకాదు. ఉద్యోగికి లింక్డ్‌ఇన్, తోడుగా పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపు. పచ్చళ్లకు వాట్సాప్ బిజినెస్, తోడుగా ఫేస్‌బుక్. మగ్గం పనికి ఇన్‌స్టాగ్రామ్, తోడుగా వాట్సాప్. పీజీకి గూగుల్, తోడుగా వాట్సాప్. పీణ్యా యజమానికి లింక్డ్‌ఇన్, యూట్యూబ్.

ఎక్కడ ఉన్నా, కొన్నవారి పేరు, ఫోన్ నంబరు, ఏం కొన్నారో వారి అనుమతితో మీ సొంత పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో రాసిపెట్టుకోవాలి. ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో, టిక్‌టాక్ మనకు 2020లో దూరమైంది. మన బెంగళూరులోనే పుట్టి తెలుగులో కూడా రాసుకునే వీలిచ్చిన కూ 2024లో ఆగిపోయింది. అక్కడ కూడబెట్టుకున్న ఫాలోవర్లలో ఒక్కరి నంబరు కూడా వెంట రాలేదు.

మొదలుపెట్టిన రోజు నుంచి కొత్తగా వచ్చిన ప్రతి కొనుగోలుదారునీ “మా గురించి ఎలా తెలిసిందండీ?” అని అడిగి, ఆ సమాధానాన్ని అదే పుస్తకంలో పేరు పక్కన రాయండి. మూడు నెలల తర్వాత ఏ మాధ్యమం పేరు అందులో రెండు మూడు సార్లకు మించి కనిపించకపోతే దాన్ని వదిలేయవచ్చు. అయితే ఖాతాను తొలగించకుండా, మీ వాట్సాప్ నంబరు, ఇకపై ఎక్కడ దొరుకుతారో చెప్పే ఒక పోస్టును పైన పిన్ చేసి ఉంచండి, ఆరు నెలల తర్వాత పాత లింకు పట్టుకుని వచ్చేవారు తలుపు తాళం చూసి వెనుదిరగకుండా ఉంటారు.